వాడబెట్టిన చెట్టు

రాత్రి రెండు గంటలప్పుడు
మంచం పక్కన పెట్టె కూసింది.
నిద్రలోనే కాళ్లు కిందికి దించి
చెప్పుల కోసం తడుముకున్నా.
త్రీఫేజ్ వచ్చినట్లుంది, స్టార్టర్ ఎత్తల్ల.

“యాడికి తాతా,
నీ కొస ఈడ కట్టేసుంది కదా” అని
నర్సు షమీమ్ నన్ను మళ్లీ పండబెట్టి
పైపులో గాలిబుడగను
గోటితో మీటి మీటి పైకి తరిమింది.

గార్లదిన్నె దాటినాక
ఎర్రనేలలో మూడెకరాల చీనీ తోట మాది.
చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు.
బొట్లు లెక్కపెట్టుకుంటా బతికినోణ్ణి.
ఇప్పుడు నా మెడ ఎముక కింద ఒక డ్రిప్పు.
నోరు దాటి, గొంతు దాటి, కడుపు దాటి
నేరుగా నెత్తురులోకి అన్నం.

శ్రావణంలో పేగు మెలిక పడింది.
నల్లబడిందంతా కోసి పారేసి
రెండు మూరలు మిగిల్చినారు.
“దీంతో తిన్నది ఒంటబట్టదు పెద్దాయనా”
అన్నాడు డాక్టరు.
నా చెట్ల కంటే నాలుగేండ్లు పెద్దోడేమో,
నా కండ్లలోకి కాక
పైపులోకి చూస్తా చెప్పినాడు.

సంచీలో మూడు అరలు.
నడిమి అతుకులు నలిపి విడగొట్టి
అటూ ఇటూ వంచి కలిపితే పాలమాదిరి అయితాది.
ఒక అరలో చక్కెర, ఒక అరలో నూనె,
“ఇంకోదాంట్లో పప్పు సత్తువ తాతా.”
అంతే కదా!
డ్రమ్ములో యూరియా, పొటాష్ కరిగించి
వెంచురీకి గొట్టం తగిలించి
నేను పంపేది ఇట్లనే కదా.
చెట్టు ఎప్పుడన్నా నమిలిందా?

డ్రిప్పరులో ఉప్పు పేరుకుంటే
యాసిడ్ నీళ్లతో కడిగినోణ్ణే నేను.
అయినా పైపు ముట్టేముందు
షమీమ్ మోచేతులదాకా చేతులు తోముకునే తీరు చూసి
నా చేతులు దుప్పటి కింద దాచుకున్నా.

ఒక్క సంచీ అంటే రెండు చెట్ల కాపు.
సుంకమ్మ లెక్క చెప్పదు.
నేనడగను.
తోటలో ఎన్ని చెట్లున్నాయో ఇద్దరికీ తెలుసు.

నెత్తురులో అన్నముంది.
రిపోర్టులో కూడా రాసినారు.
నాలికకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలే.
అది తెల్లారితే లేచి
సంగటి ముద్ద కోసం
వాకిట్లో కూర్చున్నట్లు కూర్చుంటాది.

నాకు కనపడకుండా
మెట్ల కింద తినొస్తాది సుంకమ్మ.
నిన్న నా మొగం తుడిస్తే
వేళ్లకు ఊరుబిండి వాసన.
ఏంచిన చెనిక్కాయలు, ఎర్రగడ్డ, పచ్చిమిరప.
“చెయ్యి కడుక్కోలేదా?” అన్నా.
“రెండుసార్లు కడుక్కున్యా” అని లాక్కోబోయింది.
“కాసేపుండనీ.”

చీనీని పూతకు తెచ్చేది నీళ్లు కాదు.
నీళ్లు బందు పెట్టల్ల.
నెలా నెలన్నర చెట్టును వాడబెట్టల్ల.
ఆకు ముడుచుకుని, పసుపు తిరిగి, రాలేదాకా
చేతిలో వాల్వు ఉండి కూడా తిప్పకుండల్ల.
తొలి ఏడాది సుంకమ్మ నాతో మాట్లాడలే,
పచ్చని చెట్లను సంపుతాండావని.
తర్వాత తడి పెట్టిన పదిహేను దినాలకు
తోటంతా తెల్లపూత, తేనెటీగల మోత.
ఎన్ని దినాలు వాడబెట్టల్లో
మా నాయన చెప్పలే.
చెట్టే చెప్తాదన్నాడు.
చెప్పకుండా ఎండిపోయినవి కూడా ఉన్నాయి,
తూర్పు గట్టు వెంబడి, పదకొండు.

ఈ పొద్దుకు నలభై మూడు దినాలు.
ఒక స్పూను గంజినీళ్లు ఇయ్యొచ్చన్నాడు డాక్టరు.
సుంకమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది.
డ్యూటీ దిగిన షమీమ్
బ్యాగు భుజాన వేసుకుని కూడా పోలే.
పక్క మంచం పెన్నోబులేసు లేచి కూర్చున్నాడు.
ఇంతమంది చూస్తాంటే
నోరు తెరవడానికి సిగ్గేసింది.

వెచ్చగా నాలిక మీద నిలబెట్టుకుని
ఇంకొంచెంసేపు నిలబెట్టుకుని
మింగినా.

“ఉప్పు తక్కువైంది” అన్నా.

సుంకమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టింది.